ఫోటో తీసుకో, ఎవరికీ పంపకు

“ఫోటో తీసుకుంటే తీసుకో అమ్మా, ఎవరికీ పంపకు.”

మా పెరట్లోకి తెల్లతల పిచ్చుక వచ్చిన ఉదయం మా అమ్మాయి పెట్టిన షరతు ఇది. పదేళ్ల పిల్ల. షరతులు పెట్టడం ఎవరి దగ్గర నేర్చుకుందో మా ఇంట్లో అందరికీ తెలుసు కనుక ఆ సంగతి వదిలేస్తాను.

మొదట చూసింది తనే. గింజల గిన్నె చుట్టూ చేరే పిచ్చుకల గుంపులో ఒకటి తేడాగా ఉంది. తల, మెడ తెల్లగా ఉన్నాయి. ఒక రెక్కలో కొన్ని ఈకలూ తెలుపే. వీపు మీద మాత్రం మామూలు గోధుమరంగు చారలు. మగ పిచ్చుకకు గొంతు కింద ఉండే నల్లమచ్చ దీనికి చెదిరిపోయినట్టు అక్కడక్కడే మిగిలింది. ఏదో అరుదైన పక్షి దారి తప్పి, ఇన్ని ఇళ్లుండగా మా ఇంటికే వచ్చిందని నేను పొంగిపోయాను. ఫోనులోని పక్షుల యాప్ ఒకసారి ఒక పేరు చెప్పింది, మరోసారి ఇంకో పేరు చెప్పింది. మా అమ్మాయి దాని ముక్కు చూసి, గుంపుతో కలిసి గింజలు ఏరుకునే తీరు చూసి “పిచ్చుకే” అని తేల్చేసింది.

పిచ్చుకే. కొన్ని ఈకల్లోకి రంగు చేరకపోవడాన్ని ల్యూసిజం అంటారట. ఆల్బినిజం అయితే మెలనిన్ అనే రంగు పదార్థం తయారే కాదు, కళ్లు కూడా గులాబీ రంగులోనో ఎర్రగానో కనిపిస్తాయి. దీని కళ్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఈ తెలుపు పుట్టుకతో రావచ్చు. అయితే వయసు వల్లా, పోషణ లోపం వల్లా కూడా ఈకలు తెల్లబడతాయి కాబట్టి ఫోటో చూసి కారణం చెప్పడం కష్టం. మెలనిన్ ఈకకు రంగుతో పాటు గట్టిదనం కూడా ఇస్తుంది కనుక తెల్ల ఈకలు త్వరగా అరిగిపోతాయి. ఇవన్నీ నేను అర్ధరాత్రి దాకా ఫోనులో చదివి తెలుసుకున్నాను. పిల్ల ఫోను ముట్టుకోవడానికి రోజుకింత సమయమని గీత గీసింది కూడా నేనే.

మీ పెరట్లోకి ఇలాంటిది వస్తే బయటికి పరుగెత్తకండి. కిటికీ వెనకే ఉండండి. గదిలో దీపాలు ఆర్పి, లెన్సును అద్దానికి దాదాపు ఆనించి పెడితే ప్రతిబింబాలు తగ్గుతాయి. ఫ్లాష్ వద్దు. పిచ్చుక క్షణం కుదురుగా ఉండదు, షట్టర్ వేగం సెకనులో 1000వ వంతో అంతకంటే వేగంగానో ఉండాలి. అసలు చిక్కు తెల్లతలతోనే. చుట్టూ ఆకులు ముదురుగా ఉంటే కెమెరా వెలుతురు పెంచేస్తుంది, తల కాస్తా ఈకల జాడ లేని తెల్లటి మరకగా మిగులుతుంది. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి, కంటి మీద ఫోకస్ పెట్టాలి. మిగిలినదంతా ఓపిక. నేను దేనికోసమైనా అంత సేపు కదలకుండా కూర్చోవడం ఇంతవరకు చూడలేదని మావారు ఆశ్చర్యపోయారు. నిజమే. పిల్ల బూట్ల లేసులు కట్టుకునేంత సేపు గుమ్మంలో ఆగలేని మనిషిని.

ఫోటో బాగా వచ్చింది. వెంటనే నా వేలు కుటుంబం గ్రూపు మీదికి పోయింది. మా అమ్మాయి తన షరతు గుర్తు చేసింది.

“ఎందుకు పంపకూడదు?”

“దానికి ఏమయిందని అందరూ అడుగుతారు.”

“అడిగితే చెబుదాం.”

“నువ్వు చెబుతావు. నా గురించి కూడా అలాగే చెబుతావు.”

ఏ మాటకు ఆ మాటే చెప్పుకోవాలి, అలాగే చెబుతాను. వీడియో కాల్‌లో ఫోను పిల్ల ముఖం మీదికి తిప్పి “పద్యం చెప్పు” అంటాను. పద్యం అయ్యాక అవతల ఎవరో ఒకరు “ఎందుకిలా చిక్కిపోయింది?” అంటారు, ఇంకొకరు “పలుకు అలా ఉందేమిటి?” అంటారు. పిల్ల నా పక్కనే కూర్చుని ఉండగా నేను అందుకుంటాను: “అన్నీ అర్థమవుతాయండీ, మాట్లాడటమే కొంచెం...” కొన్న వస్తువులో లోపానికి సంజాయిషీ ఇస్తున్నట్టుంటుంది నా గొంతు. తను అక్కడే కూర్చుని వింటోందని నాకు తెలియక కాదు. అవతలి వాళ్ల ముందు నా పెంపకాన్ని కాపాడుకోవాలన్న తొందర.

మాట మార్చాలని పాఠంలోకి దిగాను. ఈ అమెరికాలో పిచ్చుకలు కూడా మనలాగే బయటి నుంచి వచ్చినవే, 1850ల తొలి సంవత్సరాల్లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో వదిలారు, ఆ తర్వాత దేశమంతా అల్లుకుపోయాయి అంటూ మంచి ఊపు మీద ఉండగా తను అడ్డుపడింది.

“అవి రాలేదు. తెచ్చారు.”

మేము వచ్చాం. నాలుగేళ్ల పిల్లగా తనను తెచ్చాం. పాఠం అక్కడితో ఆగిపోయింది. ఇక్కడి పక్షి ప్రేమికుల్లో చాలామందికి పిచ్చుకలంటే గిట్టదని, అవి బ్లూబర్డ్‌లనే ఇక్కడి నీలిరంగు పక్షుల గూళ్లు లాక్కుంటాయని, వలస పక్షుల కోసం 1918లో చేసిన చట్టం వీటిని కాపాడదని కూడా చెబుదామనుకున్నాను. చెప్పకపోవడమే మంచిదైంది. అవన్నీ తనకు ముందే తెలుసట. గింజలు మాత్రం రోజూ తనే పోస్తుంది.

గ్రూపుకు పంపలేదు. మా అమ్మకు పంపాను. అమ్మ ‘ఎవరికీ’లోకి రాదని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను. పది నిమిషాల్లో జవాబు వచ్చింది: “పాపం, దానికేమయింది?” నేను ల్యూసిజం గురించి రెండు పేరాలు రాసి పంపాను.

పిల్లలు వద్దన్నది వదిలేయాలని చెప్పే తల్లిదండ్రులను చూస్తే నాకు అసూయ. వాళ్లకు అంత నిబ్బరం ఎక్కడి నుంచి వస్తుందో! నేను వదిలేస్తే తెలుగు పోతుంది. ఈ దేశంలో అది తనంతట తాను వచ్చి ఒంటికి పట్టదు, రోజూ ఎవరో ఒకరు పట్టుబట్టాలి. చిన్నప్పుడు నన్నూ పట్టుబట్టే కూర్చోబెట్టారు, ఇప్పుడు అందుకు సంతోషిస్తున్నాను. కానీ నన్ను కూర్చోబెట్టినప్పుడు నా చుట్టూ ఉన్న పిల్లలందరూ నాలాగే మాట్లాడేవారు, నా పలుకు గురించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వాల్సిన అవసరం రాలేదు. నేర్పడానికీ ప్రదర్శించడానికీ మధ్య గీత ఎక్కడుందో నాకు ఈ రోజుకీ తెలియదు. బిడియపడే పిల్లను కొంచెం ముందుకు తోయాలంటారు. బిడియం ఏదో, నిజంగా వద్దనడం ఏదో ముఖం చూసి పోల్చుకోగలనా? ఈకలు చూసి పక్షినే పోల్చుకోలేకపోయాను.

వచ్చే నెల తెలుగు సంఘం కార్యక్రమంలో పద్యపఠనానికి తన పేరు ఇచ్చేశాను. పిచ్చుక రాకముందే ఇచ్చాను, తనకు ఇంకా చెప్పలేదు. పేరు తీసేయమని నిర్వాహకులకు ఫోను చేయాలని అనుకుంటూనే ఉన్నాను. ఇంకా చేయలేదు. పద్యం మాత్రం చాలా బాగా చెబుతుంది.