"ఇప్పుడు బాగానే ఉన్నాడండీ" అన్నాక అడగాల్సినవి

డిప్రెషన్‌కి మందులు వాడి, తేరుకుని, మళ్లీ కాలేజీకి వెళ్తున్న కుర్రాడి గురించి ఇంట్లోవాళ్లు చెప్పే మాట ఇదే. కానీ ఒకసారి వచ్చిన డిప్రెషన్ తిరగబెట్టడం మామూలే. అదివరకు ప్రాణం తీసుకోబోయి ఉంటే, మిగతా అన్నిటికన్నా బరువైన సంగతి అది.

డిప్రెషన్ ఎంతుందో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల ఫారంలో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. అదీ గడిచిన రెండు వారాలవే అడుగుతుంది. మొత్తం స్కోరు తక్కువొచ్చిందని తొమ్మిదో దాంట్లో పడ్డ 1ని, అంటే 'కొన్ని రోజులు అనిపించింది' అన్న జవాబుని, వదిలేస్తారు. తప్పు. ఏ స్కోరూ జోస్యం చెప్పదు, మాట్లాడాల్సిందే.

అదీ పెద్దవాళ్లని కాసేపు బయట కూర్చోబెట్టి. "పిచ్చి ఆలోచనలేటీ నేవు కదా?" అంటే "నేవండి" అనే వస్తుంది. "సచ్చిపోవాలనిపిస్తందేటి?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. అవునంటే వరసగా: ఎలాగని ఆలోచించావా, చేసేద్దామనే అనుకున్నావా, ఏమైనా సిద్ధం చేసుకున్నావా, ఈ మూడు నెలల్లో ప్రయత్నించావా? చివరి మూడింట్లో ఒక్కదానికి అవునన్నా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు.

తర్వాత ఇల్లు చూడాలి. మన శ్రీకాకుళం జిల్లాలో పురుగుమందు డబ్బా మంచం కిందో, ధాన్యం బస్తాల పక్కనో ఉంటుంది. ఇంట్లో లేకుండా చేస్తే మేలు. కుదరకపోతే తాళం పెట్టె, తాళంచెవి వేరేవాళ్ల దగ్గర. చచ్చిపోవాలన్న ఉధృతి చాలామందిలో కొద్ది గంటల్లో దిగుతుంది, ఆ కాసేపూ డబ్బా చేతికందకపోవడమే కావాలి. డాక్టరు రాసిన మాత్రలు కూడా వారానికి సరిపడా తెస్తే చాలు.

కనిపెట్టుకుని ఉండేదెవరన్నది ఫారంలో ఉండదు. ఇక్కడి పల్లెల్లో అమ్మానాన్న హైదరాబాదో చెన్నయ్యో పనికి పోతే పిల్లలు నాయనమ్మ దగ్గరుంటారు. "నిద్ర పడతందా, తింటన్నాడా" అని ఆవిణ్ణి అడిగితే ఫోన్లో నాన్న చెప్పేదానికి పూర్తిగా వేరే జవాబొస్తుంది.

ఇంటర్ ఫలితాల రోజులు, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన తొలి వారాలు జాగ్రత్త. 25 ఏళ్లలోపు వాళ్లకి మందు మొదలెట్టినా, డోసు మార్చినా తొలి వారాల్లో కుదురులేనితనం కనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. సొంతంగా మందు ఆపేయకూడదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీమానస్ 14416 రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ అయిదంకెలూ నాయనమ్మకి ఆనేంత పెద్దగా గోడ క్యాలెండరు మీద రాసి పెట్టండి.