ఆషాఢమా, ఆడియా: పుట్టినరోజుల లెక్క

చెన్నైలో పెరిగే మన పిల్లలకు ఆషాఢం కన్నా తమిళుల ఆడి నెల బాగా తెలుసు. టి.నగర్‌లో ఆ నెలంతా ఏ బట్టల కొట్టు ముందు చూసినా ‘ఆడి తళ్ళుబడి’ (ఆడి నెల తగ్గింపు ధరలు) బోర్డే. అలాంటి పిల్లలు ‘మా క్లాసులో కొన్ని నెలల్లోనే ఇన్ని పుట్టినరోజులేంటి?’ అని అడిగితే మాట దాటేయకండి. తెలుగు నెలల పేర్లు నోటికి రావడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదు.

ముందు ఒకటి తేల్చి చెప్పాలి. నలభై మంది ఉన్న క్లాసులో నెలకు సగటున మూడు నాలుగు పుట్టినరోజులు. ఒక నెలలో ఏడు, ఇంకో నెలలో ఒక్కటి పడినా అది కాకతాళీయమే. ఋతువు ప్రభావం తెలియాలంటే లక్షల కాన్పులు లెక్కలోకి రావాలి. అమెరికాలో అలా చూస్తే జూలై నుంచి సెప్టెంబరు దాకా కాన్పులు ఎక్కువ. ఎండలు మండిన రోజుల తర్వాత ఎనిమిది నుంచి పది నెలలకు అవి తగ్గుతాయని కూడా అక్కడి లెక్కల్లో తేలింది. వీర్యకణాలు సరిగా తయారవ్వాలంటే ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీల చల్లదనం కావాలి. ఒక్కో కణం తయారీకి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మే నెల ఎండ దెబ్బ జూలై దాకా ఉండొచ్చు. ఈ భాగం పెద్ద పిల్లలకు చెప్పండి, చిన్నవాళ్లకు వద్దు.

ఇక వేళ్ల మీద లెక్క. గోడకున్న తెలుగు కేలండరు, పక్కనే తమిళ కేలండరు పెట్టుకోండి. కడుపులో పడ్డ రోజు నుంచి కాన్పుకు సుమారు 266 రోజులు. చాంద్రమాసానికి ఇరవై తొమ్మిదిన్నర రోజులు కనుక అవి సరిగ్గా తొమ్మిది నెలలు. ఆషాఢాన్ని లెక్కపెట్టకుండా శ్రావణం, భాద్రపదం అంటూ తొమ్మిది వేళ్లు ముడిస్తే చైత్రం వస్తుంది. 2025లో ఆషాఢం జూన్ 26న మొదలైంది. దానికి 266 కలిపితే 2026 మార్చి 19, అంటే ఉగాది! పిల్లలు ఇక్కడ ఎగిరి గంతేస్తారు. తడబడేది ఒక్కచోటే: డాక్టరు చెప్పే 280 రోజులు ఆఖరి ముట్టు తేదీ నుంచి మొదలవుతాయి. రెండూ కలిపేస్తే రెండు వారాలు తప్పుతాయి. పైగా చెప్పిన తేదీకే పుట్టేవాళ్లు నూటికి నలుగురైదుగురే.

కొత్త దంపతులను ఆషాఢంలో వేరుగా ఉంచేది ఎండాకాలం కాన్పు తప్పించడానికేనని పెద్దలంటారు. చెన్నైలో ఆ మాటను లెక్కకట్టి చూడాలి. ఇక్కడి కత్తిరి ఎండలు, అంటే నడివేసవి మండుటెండలు, దాదాపు మే 4 నుంచి 28 దాకా. 266 రోజులు వెనక్కి వెళితే ఆగస్టు 11 నుంచి సెప్టెంబరు 4. అప్పటికి మన ఆషాఢం చాలా ఏళ్లలో అయిపోయే ఉంటుంది. తమిళుల ఆడి ఆగస్టు 16 దాకా సాగుతుంది కాబట్టి కత్తిరి మొదటి ఐదారు రోజులను మాత్రం తాకుతుంది. వియ్యాలవారు తమిళులైతే ఎవరి నెల పాటించాలనే వాదన వస్తుంది. ఎండ విషయంలో రెండూ అరకొరవేనని పిల్లల ముందే ఒప్పుకోవడం మంచిది. ఆచారం మీద గౌరవం అందువల్ల తగ్గదు.

చివరి పని: బంధువుల పుట్టినరోజులన్నీ ఒక కాగితం మీద నెలవారీగా చుక్కలు పెట్టించండి. తాతయ్యల తరంలో జూన్, జూలై ఒకటో తేదీలు గుంపుగా కనబడతాయి. బడి తెరిచే రోజుల్లో చేర్పించేటప్పుడు మాస్టారు రాసిన తేదీలవి. వాటిని వేరే రంగుతో దిద్దించి, అసలు తిథి ఏమిటో నానమ్మకు ఫోన్ చేసి అడిగించండి. తెలుగు నెల, పక్షం, తిథి, సంవత్సరం పేరు దొరికితే పాత పంచాంగంలో తేదీ దొరుకుతుంది.