మూసిన గేటు వెనక

తిరుమలకు నేను వెళ్లేది ఉచితంగా దొరికే సర్వదర్శనానికే, వీలైతే అలిపిరి నుంచి నడిచి. మెట్లు 3,550. మోకాళ్ళ మెట్టు దగ్గర ప్రాణం కడబట్టినా, ఎక్కేకొద్దీ తరుగుతున్నాయన్న ధైర్యం ఉంటుంది. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఆ ధైర్యం కూడా ఉండదు. కంపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టి గేటు వేస్తారు. మళ్లీ ఎప్పుడు తీస్తారో కచ్చితంగా చెప్పేవాళ్లుండరు. బయట వేసే గంటల లెక్క అంచనా మాత్రమే. దేవుడిమీద భారం వేసి ఓపికపట్టడం ఎలాగో నాకు నేర్పుతున్నది ఆ గదులే.

క్యూ ఎందుకు ఆగుతుందో చాలామందికి తెలియదు. తెల్లవారుజామున సుప్రభాతం, తర్వాత తోమాల, కొలువు, సహస్రనామార్చన సేవలు. ఆపైన మొదటి గంట, అంటే నైవేద్యం. తిరుమామణి మండపంలో రెండు పెద్ద గంటలున్నాయి, స్వామికి ఆరగింపు జరిగే వేళ వాటిని మోగిస్తారు. అప్పుడు దర్శనం ఆపుతారు. పగలు రెండో గంట, రాత్రి మరో నైవేద్యం. శుక్రవారమైతే అభిషేకం. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఈ నాలుగింటికీ ముందు వచ్చే మంగళవారం కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం. మూలవిరాట్టుకు వస్త్రం కప్పి, గర్భాలయం మొదలు గుడంతా కడిగి, నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, కిచిలిగడ్డ వంటివి కలిపిన పరిమళ జలం గోడలకు చల్లుతారు. అది పూర్తయ్యేదాకా భక్తులెవరినీ లోపలికి పంపరు.

కంపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లకు ఇవేవీ కనబడవు. కనబడేది మూసిన గేటే. మమ్మల్ని మరిచిపోయారని విసుక్కుంటాం. అక్కడ స్వామి ఆరగిస్తూ ఉంటాడు. సంబంధం కుదరక, ఉద్యోగం రాక, ఆస్పత్రి రిపోర్టు కోసం చూస్తూ వచ్చినవాళ్లు ఆ గదిలో ఎందరో ఉంటారు. గేటు తెరుచుకోలేదంటే లోపల ఏమీ జరగడం లేదని అర్థం కాదు. ఈ మాట నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

నమ్మకం ఉన్నా ఒంటికి దాని అవసరాలు దానికుంటాయి. కంపార్ట్‌మెంట్లోకి వెళ్లగానే బాత్రూము పని ముగించుకోవాలి. గేటు తీసేటప్పుడు బాత్రూముకు పరుగెత్తితే మనవాళ్లు ముందుకెళ్లిపోతారు, మనం వెనక పడతాం. షుగరు, బీపీ ఉన్నవాళ్లు మాత్రలు వెంట ఉంచుకోవాలి. పాలు, ప్రసాదం అందించినప్పుడు తర్వాత తిందాంలే అనుకోకూడదు, మధ్యలో క్యూ కదిలితే ఆకలితోనే నడవాలి. సెల్‌ఫోన్లు ముందే డిపాజిట్ చేస్తాం కాబట్టి, తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోవాలి. గుడి ఎదుట కొబ్బరికాయలు కొట్టే అఖిలాండం దగ్గరంటే అందరికీ గుర్తుంటుంది. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టాలి.

మరో మాట. మాటిమాటికీ టైమెంతని అడిగితే నిరీక్షణ రెట్టింపవుతుంది. వదంతులూ అక్కడే పుడతాయి, ఇంకో గంట అని ఒకరు, రేపటికి అని ఒకరు. విష్ణు సహస్రనామం తీరిగ్గా చదివితే దాదాపు అరగంట. నేను గడియారం బదులు దాన్ని పట్టుకుంటాను. ఒకసారి పూర్తయ్యాక మళ్లీ మొదలుపెడతాను. నోటికి రానివాళ్లకు గోవింద నామాలు చాలు.

బంగారు వాకిలి ముందు మనకు దొరికేది కొన్ని క్షణాలే. వెనకనుంచి తోపులాట, పక్కన జరగండి జరగండి అన్న కేకలు. కళ్లు మూసుకుని దణ్ణం పెడితే అంతసేపు నిలబడింది పోతుంది. కళ్లు తెరిచే ఉంచి ముందు పాదాలు చూడాలి, తర్వాత ముఖం. స్వామి కుడిచెయ్యి ఆ పాదాలనే చూపిస్తుంది. ఎడమచెయ్యి నడుము దగ్గర ఉంటుంది, నన్ను నమ్మినవాడికి సంసార సాగరం నడుములోతే అన్నట్టు పెద్దలు చెబుతారు. కష్టంలో వచ్చినవాళ్లు ఆ చెయ్యి చూడకుండా రావద్దు.

సరిగా కనబడలేదని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లకు విమాన వేంకటేశ్వరుడున్నాడు. బయటికి వచ్చాక గర్భగుడి మీది బంగారు గోపురం, ఆనంద నిలయం వైపు తలెత్తితే, వెండి మకరతోరణం మధ్య కనిపిస్తాడు. ఆయన్ని చూసినా మూలమూర్తిని చూసినట్టేనంటారు. అక్కడ ఎవరూ తోసెయ్యరు, కాసేపు నిలబడి చెప్పుకోవాల్సింది చెప్పుకోవచ్చు.