మల్లెకి నాలుగడుగులు

కడియం నర్సరీ నుంచి తెచ్చిన మల్లె అంటు కవర్లో జానెడే ఉంటుంది. మిగిలిన నేలంతా బోసిగా కనిపించి, నాలుగు అంట్లూ పక్కపక్కనే పెట్టేయాలనిపిస్తుంది. రాజమండ్రిలో మా వీధిలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఒకటే: ఈ రోజు మొక్కని చూసి గొయ్యి తీయకండి. మూడో ఏటికి అది ఎంత గుబురవుతుందో అంత చోటు ఇప్పుడే వదలండి.

గుండుమల్లెకి మొక్కకీ మొక్కకీ మధ్య 4 నుంచి 5 అడుగులు ఉండాలి. మల్లె కొత్త చిగుళ్లకి పూస్తుంది. పొదకి అన్నివైపులా ఎండ తగిలితేనే ఆ చిగుళ్లు వస్తాయి. ఇరుక్కుంటే లోపలివైపు పుల్లలే మిగులుతాయి. నాకు ఇంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. మల్లెలు సాయంత్రం మొగ్గల మీదే కోసుకోవాలి కదా, పొద చుట్టూ మనిషి తిరగలేకపోతే వెనకవైపు మొగ్గలన్నీ చేతికందకుండానే విచ్చుకుని రాలిపోతాయి. మా అత్తయ్యగారు పొదకీ గోడకీ మధ్య బుట్ట పట్టుకుని నిలబడేంత దారి తప్పకుండా ఉంచేవారు. చలికాలంలో నీళ్లు తగ్గించి కొమ్మలు కత్తిరించేటప్పుడు కూడా ఆ దారే పనికొస్తుంది.

మందారానికి గోడ నుంచి 3 అడుగులు, పక్క మొక్క నుంచి 5 అడుగులు వదులుతాను. గాలి ఆడకపోతే పిండినల్లి పట్టి ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి పాకేస్తుంది. నందివర్ధనానికీ అంతే. నూరువరహాలకి 3 అడుగులు చాలు.

కనకాంబరం మాత్రం వేరు. అడుగు, అడుగున్నర దూరంలో గుంపుగా పెడితేనే దానికి అందం, మనకి మాలకి సరిపడా పూలు. కాస్త నీడనీ ఓర్చుకుంటుంది కాబట్టి మల్లె పొదలకి తూర్పువైపు వరసగా వేస్తాను, మధ్యాహ్నం ఎండ నేరుగా పడదు.

పారిజాతం చెట్టవుతుంది. చుట్టూ 8 అడుగులైనా వదలండి. పూలు తెల్లవారేసరికి కిందే ఉంటాయి కనుక ఆ నేల శుభ్రంగా ఉండాలి. కింద పొదలుంటే ఏరడం కష్టం, సగం పూలు వాటిలోనే చిక్కుకుపోతాయి.

తవ్వేముందు మొక్క రావాల్సిన చోటల్లా ఒక ఇటుక పెట్టి, ఎండ ఎటు నుంచి ఎటు పోతుందో ఒక రోజంతా చూడండి. తొలకరి పడ్డాక అడుగున్నర గొయ్యి తీసి, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నాటండి. ఖాళీ కంటికి వెలితిగా ఉంటే మొదటి రెండేళ్లూ మధ్యలో బంతి నారు వేసుకోండి, సీజన్ అయ్యాక పీకేయొచ్చు.

లిల్లీ దుంపలు జానెడు దూరంలో పెట్టినా పిల్లలు పెట్టి దగ్గరైపోతాయి. పూల కాడలు సన్నబడుతున్నాయంటే తవ్వి విడదీయాలి. మా ఇంట్లో మిగిలినవి ఈ ఏడు పక్కింటి వదినకి ఇస్తున్నాను.