బేరం కుదిరితేనే రోజ్ మిల్క్

రావులపాలెంలో రాజమండ్రి బస్సెక్కితే మగాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిమి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్ళకి ఉచితం కదా! మా ఆవిడ ఆధార్ చూపించి జీరో టికెట్టు పుచ్చుకుని కిటికీ పక్కన కూర్చుంది. డబ్బులిచ్చిన నేను జొన్నాడ వంతెన, కడియపులంక నర్సరీలు దాటి వేమగిరి దాకా నిలబడే ఉన్నాను. "అయ్యో, నిలబడ్డారేంటండీ" అని ఒక పెద్దావిడ జాలిపడింది గానీ పక్క సీటు మీద పెట్టిన సంచి మాత్రం తియ్యలేదు.

మేనకోడలి పెళ్ళి బట్టల కోసం ఈ ప్రయాణం. రాజమండ్రి తాడితోట బట్టల కొట్లలో ఏం జరిగిందో రాయను. పెళ్ళి చీరలు కొన్నవాళ్ళకి తెలుసు, కొననివాళ్ళు చెప్పినా నమ్మరు. నా ధ్యాసంతా మెయిన్ రోడ్డు రోజ్ మిల్క్ మీదే.

చిన్నప్పుడు సంక్రాంతి బట్టలకి నాన్న మమ్మల్నిక్కడికే తీసుకొచ్చేవారు. ఆయన లెక్క ఒకటే: బేరంలో మిగిలిందే పిల్లలకి. అందుకని తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని నేనూ అక్కా షావుకారు మొహమే చూసేవాళ్ళం. అమ్మకి చీర నచ్చిందని ఆయన పసిగట్టాడో, మా పని అయిపోయినట్టే. "రంగు దిగేలా ఉందమ్మా" అని అక్క పెద్ద ఆరిందాలా అనేది. రేటు తగ్గితే చెరో గ్లాసు, తగ్గకపోతే ఇద్దరికీ కలిపి ఒకటి. ఒకటైన రోజు అడుగున మిగిలే కోవా కోసం బస్టాండు దాకా కొట్టుకునేవాళ్ళం.

హైదరాబాదులో రోజ్ మిల్క్ అని ఇచ్చేది ఎసెన్సు కలిపిన నీళ్ళపాలు. ఇక్కడిది చిక్కగా మరిగిన పాలు, అందులో కోవా. గుటక వెయ్యాలంటే కాస్త ఆగాలి.

ఈసారి బట్టల కొట్లో "ఫిక్సెడ్ రేటు సార్" అన్నారు. నాన్న లెక్కన మాకు గుక్కెడు కూడా రాదు. అయినా చెరో గ్లాసు తీసుకున్నాం. తీపి ఎక్కువైందని మా ఆవిడ సగంలోనే తనది నా చేతిలో పెట్టేసింది. గ్లాసు ఎత్తి అడుగున అరచేత్తో తడుతుంటే పక్కనున్న కాలేజీ కుర్రాడు కాసేపు చూసి, "చెంచా అడగండి సార్, ఇస్తారు" అన్నాడు.