పాత మోతాదు సరిపోని వయసు

నా తమ్ముడికి స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించి, లేనిపోని అనుమానాలు నిజమనిపించే మానసిక జబ్బు) బయటపడేనాటికి 19 ఏళ్లు. డిగ్రీ రెండో సంవత్సరంలోనే వాడి చదువు ఆగిపోయింది. అదే జబ్బు నాకు 31వ ఏట వచ్చింది. ఒకే కడుపున పుట్టినవాళ్లకు ఇంత తేడా ఎందుకని మా అమ్మ అడిగితే, మగవాళ్లలో ఇది ఎక్కువగా ఇరవై ఏళ్లు అటూఇటుగా, ఆడవాళ్లలో సగటున కొన్నేళ్లు ఆలస్యంగా మొదలవుతుందని అప్పటి డాక్టరు చెప్పారు. ఆ ఆలస్యం వల్ల, కోలుకున్నాక తిరిగి చేరడానికి నాకొక ఉద్యోగమైనా మిగిలింది. వాడికి అదీ లేదు.

రాత్రిపూట 10 మిల్లీగ్రాముల ఓలాంజపిన్ మాత్రతో ఏళ్ల తరబడి నిలకడగా ఉన్నాను. నెలసరికి ముందు నాలుగైదు రోజులు మాత్రం, వీధిలో ఎవరు మాట్లాడుకుంటున్నా నా గురించే అన్న అనుమానం తలెత్తి, తరువాత దానంతటదే సద్దుమణిగేది. నెలసరి సంగతి మానసిక వైద్యులెవరూ అడగలేదు.

47వ ఏట నెలసరులు తప్పసాగాయి. ఒంట్లో ఆవిర్లు, తెల్లవారుజామున చెమటలతో మెలకువ, ఆ వెనకే చెవుల్లో ఎవరివో గొంతులు. పక్కింటివాళ్లు మా నీళ్ల ట్యాంకులో ఏదో కలుపుతున్నారని నమ్మి, ఇంట్లో వంట కూడా చేయనివ్వలేదు. మాత్రలు మానేశానని అందరూ అనుకున్నారు. మా ఆయన ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టారు; లెక్క సరిపోయినా అనుమానం పోలేదు. నిజం చెప్పినా నమ్మరన్నది ఆ జబ్బులో నాకు కలిగిన భ్రమ కాదు.

గుంటూరులో మేము తరువాత కలిసిన డాక్టరమ్మగారు మొదట అడిగింది, "పీరియడ్స్ చివరిసారి ఎప్పుడొచ్చాయమ్మా?" అని. ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోను మెదడులో డోపమైన్ అనే రసాయనం ప్రభావాన్ని కొంత అదుపులో ఉంచుతుందని, నెలసరులు ఆగిపోయే రుతువిరతి సమయంలో ఆ రక్షణ సడలుతుందని, నడివయసులో ఈ జబ్బు కొత్తగా వచ్చే స్త్రీల సంఖ్య మరోసారి కొంత పెరగడానికి ఇదొక కారణం కావచ్చని వివరించారు. పైగా కాలేయంలో ఓలాంజపిన్‌ను కరిగించే ఎంజైమును ఈస్ట్రోజన్ నెమ్మదింపజేస్తుంది కాబట్టి, ఈస్ట్రోజన్ తగ్గినప్పుడు అదే మాత్ర రక్తంలో మునుపటంత నిలవకపోవచ్చట.

మెల్‌బోర్న్‌లో జయశ్రీ కులకర్ణి అనే మానసిక వైద్యురాలి బృందం మందులకు తోడుగా చర్మానికి అంటించే ఈస్ట్రోజన్ పట్టీలు వాడి మెరుగుదల చూసిందని, ఆ ఫలితాలు 2008లో వెలువడ్డాయని చదివి, నాకూ అవి ఇవ్వమని అడిగాను. అది నెలసరి వచ్చే వయసు స్త్రీలపై 28 రోజులు చేసిన పరిశోధన అని, పైగా మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది కనుక నా విషయంలో తొందరపడనని డాక్టరమ్మగారు అన్నారు.

మోతాదు 15 మిల్లీగ్రాములకు పెంచారు. ముందు నిద్ర కుదిరింది. గొంతులు పలచబడ్డానికి చాలా వారాలు పట్టింది, ట్యాంకు మీద అనుమానం అన్నిటికంటే ఆఖరున వదిలింది. బదులుగా బరువు, షుగరు పెరిగాయి. సాయంత్రం నడక, షుగరు పరీక్షలు ఇప్పుడు వైద్యంలో భాగమే. ఆవిర్లు ఇంకా పూర్తిగా తగ్గలేదు. నా ఫైలు మొదటి పేజీలో మందుల పేర్ల పక్కనే చివరి నెలసరి తేదీ కూడా రాయించుకున్నాను. ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ పేజీయే తెరిచి చూపిస్తాను.