12 నిమిషాలట!

లైటు ఆపేశాక కూడా ఆ పాంప్లెట్ కళ్ల ముందు నుంచి కదలట్లేదు. కర్నూలు బయట ఇళ్ల స్థలాలు అమ్మే వెంచర్‌ది, మధ్యాహ్నం మా మరిది తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టి పోయాడు. పచ్చగడ్డి, ఫౌంటెన్, ఆర్చ్, ఆర్చ్ కింద ఏ దేశానివో తెలియని పిల్లలు. కింద లావు అక్షరాలతో "కొండారెడ్డి బురుజు నుంచి 12 నిమిషాలు". సెంటు ఎంతో మాత్రం ఎక్కడా లేదు. ధర సంగతి సరే, అడిగితే చెప్తారు. ఆ పన్నెండే గొంతులో ముల్లులా ఉంది.

వెంచర్ ఉన్నది నంద్యాల రోడ్డులో 12 కిలోమీటర్ల అవతల. అంటే నిమిషానికి కిలోమీటరు. రాత్రి రెండింటికి ఖాళీ రోడ్డు మీద కారులో పోతే అంతే పడుతుంది, అబద్ధం కాదు. పొద్దున ఎనిమిదిన్నరకు చెక్‌పోస్టు దాటి చూపించమనండి. పైగా హైవే నాలుగు వరుసలు, మధ్యలో డివైడర్. వెంచర్ గేటు ఎడమ పక్కన ఉంటే ఊళ్లోకి రావడానికి ముందు ఊరికి వ్యతిరేక దిక్కున పోయి, డివైడర్‌లో సందు ఎక్కడుందో అక్కడ తిరిగి రావాలి. ఆ సందు కిలోమీటరు అవతల ఉందనుకోండి, ఏ స్కూటరూ అంత దూరం పోదు. అందరూ రాంగ్ రూట్లో, లారీలకు ఎదురుగా వస్తారు. అందుకే స్థలం చూడ్డానికి పోయినప్పుడు ఆర్చ్ కంటే ముందు చూడాల్సింది ఆ సందు. సర్వీసు రోడ్డు ఉందా, రాత్రిపూట అక్కడ లైటు వెలుగుతుందా అన్నది రెండోది.

బడి బస్సు లెక్క ఇంకో రకం. ఊరి చివర ఉన్న పిల్ల పొద్దున అందరికంటే ముందు ఎక్కుతుంది, సాయంత్రం అందరికంటే చివర దిగుతుంది. ఎనిమిదిన్నర బడికి 7:05కు ఎక్కితే గంటా ఇరవై ఐదు నిమిషాలు. సాయంత్రం ఇంకో గంటా ఐదు. రోజుకు రెండున్నర గంటలు, ఏడాదికి 220 బడి రోజులు, మొత్తం 550 గంటలు. పొద్దున టిఫిన్ తినని పిల్లకు ఆ 550 గంటలు ఎలా ఉంటాయో పాంప్లెట్‌లో ఫౌంటెన్ పక్కన రాయరు. కారులో మనమే దింపొచ్చు కదా అంటారు. దింపొచ్చు. ఒకరి ఉద్యోగం ఆ దింపడం చుట్టూ తిరగాలి, అంతే. ఎవరిదో మీకు తెలుసు.

ఇక నీళ్లు. (అత్త వింటే "మళ్లీ మొదలుపెట్టింది" అంటుంది.) "ప్రతి ప్లాటుకూ బోరు వేసుకోవచ్చు" అని గొప్పగా చెప్తారు. వేసుకోవచ్చు. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేని చోట ప్రతి ప్లాటుకూ సెప్టిక్ ట్యాంకు, దాని మురుగు నీళ్లు ఇంకడానికి ఇంకుడు గుంత కూడా ఉంటాయి. తాగే నీటి బావికీ ఇంకుడు గుంతకూ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని భారతీయ ప్రమాణం. అంటే 59 అడుగులు. ఆ వెంచర్‌లో ఎక్కువ ప్లాట్లు 30కి 44, సుమారు మూడు సెంట్లు. ఈ మూల నుంచి ఆ మూలకు కర్ణం కొలిచినా 53 అడుగులే వస్తుంది. మన స్థలంలోనే కుదరదు, పక్కింటి గుంత మన బోరుకు ఇరవై అడుగుల్లో ఉన్నా అడ్డుకునేవాళ్లు లేరు. ప్లాన్లు గీసే చేత్తో చెప్తున్నా, కాగితం మీద ఇది ఏ రకంగా తిప్పినా పట్టదు.

ఆ గుంతైనా పనిచేస్తుందా అంటే, నేలను బట్టి. ఇంకుడు గుంత వచ్చే లోతులో చిన్న గుంత తీసి, రాత్రంతా నీళ్లు నిలబెట్టి, మరుసటి రోజు మళ్లీ పోసి అంగుళం ఇంకడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టుకుని చూడాలి. అరగంట దాటితే ఆ నేలలో ఇంకుడు గుంత వృథా. నల్లరేగడి తడిస్తే మూసుకుపోతుంది, గట్టు పక్కన నాలుగడుగులకే రాయి తగులుతుంది. రెండిట్లోనూ రెండో వానాకాలానికి గుంత పొంగి, నీళ్లు రోడ్డు మీదికొస్తాయి, ఆ రోడ్డు మీదే పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. రేగడి అయితే ఇంటికీ తిప్పలే. వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని, మూడో ఏడు కిటికీ మూలల నుంచి గోడ ఏటవాలుగా పగులుతుంది. పునాది మొరం తగిలేదాకా దించాలి, పునాది మీద చుట్టూ పోసే కాంక్రీటు దూలం, ప్లింత్ బీమ్, మానకూడదు. నమూనా గుంత ఆరడుగులు తీయించమంటే ఏజెంట్లు నవ్వుతారు. తవ్వేవాడికిచ్చే ఒక పూట కూలి అది.

బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపితే ముందు మూడు అంకెలు చూసుకోవాలి. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా. కాఠిన్యం 200, గరిష్ఠం 600. ఫ్లోరైడ్ 1, గరిష్ఠం 1.5. ఎండాకాలం చివర తీసిన నీళ్లే పంపాలి. వానల తర్వాత తీసిన సీసా వెంచర్ వాళ్లకు చుట్టం.

ఇంతవరకు రాసి, ఊరు వదిలిపోవడం అంత తెలివితక్కువ పని లేదని తేల్చేద్దామనుకున్నా. ఆగాను. ఊళ్లో అయితే ఏముందని?

2009 అక్టోబరు 2, శుక్రవారం. గాంధీ జయంతి సెలవు. తుంగభద్ర పొంగింది. ఊళ్లోనే తుంగభద్రలో కలిసే హంద్రీకి పోయే దారి లేక వెనక్కి తన్నింది. పాత ఊరు మునిగింది. నీళ్లు తగ్గాక మిగిలిన ఆ బురద ఇప్పటికీ నా ముక్కులో ఉంది. సన్నటి ఒండ్రు, ఆరితే పిండిలా, తడిస్తే జిగురులా. మేడల మీద బట్టలు ఆరేసే తీగలకు దస్తావేజులు వేలాడాయి. క్లిప్పులు పెట్టి, కింద రాళ్లు కట్టి, స్టాంపు పేపర్లు. సిరా నీలం మచ్చలైపోయి, సరిహద్దుల పేరా ఒక్కటీ చదవడానికి రాక, ఎంతమంది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు నకళ్ల కోసం నిలబడ్డారో. చాలా రోజుల దాకా ఏ వీధిలో ఎవరిని అడిగినా మాటల్లో చెప్పలేదు. చెయ్యి లేపి గోడ మీద చూపించేవాళ్లు. ఒకరు నడుం దగ్గర, ఒకరు తలపైన, ఒకరు చెయ్యి అందక కర్రతో.

ఆ ఏడాది ఊరి బయట గుట్ట, జగన్నాథగట్టు మీద ఆ చెయ్యి లేపే పని పడలేదు. ఇంటి అరుగు మట్టం, ప్లింత్, మూడడుగులు లేపుకున్నాం కదా అని మురిసే మాకంటే, ఊరికి దూరంగా ఎత్తున రాయి మీద కట్టుకున్నవాడిది తెలివే కావచ్చు. మరిదిని అనవసరంగా కసిరానేమో.

కానీ ఎత్తున్నంత మాత్రాన సరిపోదు, అక్కడా వాన నీళ్లు పారే వంకలుంటాయి. ఎండాకాలంలో పోతే వంక కనిపించదు. కంపచెట్లు కొట్టేసి, మొరం తోలి, దాని మీదే 40 అడుగుల రోడ్డు వేసేస్తారు. గ్రామ నక్షా, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) తెచ్చుకుని లేఅవుట్ మీద పరిచి చూస్తే తెలిసిపోతుంది. సర్వే నంబర్ల మధ్య వంక పోరంబోకు ఎక్కడ పోతుందో దానికి రెండు పక్కలా ఉన్న ప్లాట్లు వదిలేయడమే. పొలాలకు పోయే ముసలాయన ఎవరైనా దొరికితే ఇంకా మేలు. "పెద్దాయనా, వాన పడితే నీళ్లు యాడ పోతాయి?" అంటే వేలు పెట్టి చూపిస్తాడు.

కాగితాల సంగతి మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు కాబట్టి పొడిగా: కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి, 500 చదరపు మీటర్లు దాటితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, 30 ఏళ్ల ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాల పట్టిక), పాత యజమానుల లింకు దస్తావేజులు, రిజిస్ట్రేషన్ నిషేధించిన 22-ఏ జాబితాలో లేదని, డీకేటీ (ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి) కాదని. పార్కు అని చూపించిన 10 శాతం స్థలం నిజంగా స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ అయ్యిందా అని కూడా. కానిదైతే ఐదేళ్లకు అక్కడ ఒక కొత్త ప్లాటు పుడుతుంది. తనఖాలో ఉన్న ప్లాటు అమ్మజూపితే, విడుదలయ్యాక రమ్మనడమే.

ట్రాన్స్‌ఫార్మర్ కూడా చూడాలి. 40 ఇళ్లు, ఇంటికి 5 కిలోవాట్లు అంటే 200. అక్కడ 63 కేవీఏ, అంటే అందులో మూడో వంతు కూడా మోయని డబ్బా వేలాడుతుంటే, కాపురాలు నిండాక ఏప్రిల్లో రాత్రి పదకొండుకు కరెంటు పోయి అందరూ వీధిలో కలుసుకుంటారు. ఇరుగుపొరుగు బాగా పరిచయమవుతారు, అదొక లాభం.

నిజానికి సాయంత్రం ఆ గాలి బాగుంటుంది. గట్టు పక్క ఆరు దాటాక ఊళ్లో దొరకని గాలి వస్తుంది. అది ఒప్పుకోవాలి.

పదేళ్ల లోపు పిల్లలుంటే సి.క్యాంపు పక్క అద్దెకుండి, రైతుబజారుకు నడిచిపోతూ, స్థలం మాత్రం అక్కడ కొని పెట్టుకోవడం మేలనిపిస్తుంది. అందరూ అలాగే అనుకునే కదా ఆ వెంచర్లన్నీ పదేళ్లకు కంపచెట్లవుతున్నాయి అనీ అనిపిస్తుంది. బస్సు రావాలంటే ఇళ్లు రావాలి, ఇళ్లు రావాలంటే బస్సు రావాలి.

మరిదికి మెసేజ్ పెట్టాను. సోమవారం పొద్దున ఏడింటికి ఆ గేటు దగ్గర నిలబడి, బడి బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎంతమంది ఎక్కుతారో చూసి, దాని వెనకాలే బండి మీద బడి దాకా రమ్మన్నాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఏడింటికి లేచిన మనిషి కాదు.